పాత రాంచ్ ఇంటికి వెనుక గది కలిపేటప్పుడు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గర మీరు కొన్న 1950ల నాటి రాంచ్ ఇంటికి (నేల మీద పొడవుగా పరుచుకున్న ఒకే అంతస్తు ఇల్లు) వెనుక వైపు ఒక పడకగది, స్నానాలగది, చిన్న పూజగది కలపాలనుకుంటున్నామని, అక్కయ్య, బావగారు వచ్చి ఆరేసి నెలలు ఉన్నప్పుడు వారికి మెట్లెక్కే శ్రమ ఉండకూడదన్నదే మీ ఉద్దేశమని రాశావు. ఉద్దేశం మంచిది, ఒకే అంతస్తు ఇల్లు కాబట్టి అందుకు తగినది కూడా. అయితే మీ వీధి నగరం గుర్తించిన చారిత్రక ప్రాంతంలో ఉన్నందున, ఇళ్ల నిర్మాణంలో ఇంజినీరుగా చాలాకాలం పనిచేసినవాడిగా నాకు ముఖ్యమని తోచిన సంగతులు కాస్త వివరంగా రాస్తున్నాను.

రాంచ్ ఇంటి అందమంతా దాని కప్పులో ఉంది. తక్కువ వాలుతో, వెడల్పాటి చూరుతో, వీధి పొడవునా నేలకు సమాంతరంగా సాగే ఆ గీతకు పైన వెనుక నుంచి ఇంకేదీ తొంగిచూడకూడదు. అందుచేత ఆర్కిటెక్టును గదుల అమరిక అడగడానికి ముందే, పాత కప్పూ కొత్త కప్పూ ఎక్కడ ఎలా కలుస్తాయో చూపించే నిలువుకోత పటం గీయించండి.

ఈ లెక్క నీవే వేసి చూడవచ్చు. మీ కప్పు ప్రతి అడుగుకూ 4 అంగుళాలు దిగుతుందనుకో. వెనుక వాలునే అలాగే 16 అడుగులు పొడిగిస్తే అది 5 అడుగుల 4 అంగుళాలు దిగిపోతుంది, 8 అడుగుల గోడ దగ్గర మొదలైన కప్పు చివరికి 2 అడుగుల 8 అంగుళాల ఎత్తుకు వస్తుంది, అక్కడ మనిషి నిలబడలేడు. ఈ చిక్కు తప్పించడానికి కొందరు వెనుక సగం కప్పునే పైకి లేపుతారు. దానికి మాత్రం ఒప్పుకోవద్దు, ఇంటి ఆకారం మళ్లీ తిరిగి రానంతగా పోతుంది. సరైన మార్గం, కొత్త గదికి పాతదానికి అడ్డంగా వేరే రెండు వాలుల కప్పు వేయడం. పాత ఇల్లు ముందు నుంచి వెనుకకు 28 అడుగులుంటే దాని కప్పు వెన్ను, అంటే రెండు వాలులూ పైన కలిసే గీత, గోడ మీద నుంచి 4 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉంటుంది. కొత్త గది వెడల్పు 16 అడుగులైతే, అదే వాలులో దాని వెన్ను 2 అడుగుల 8 అంగుళాలకే ఆగుతుంది. అంటే పాతదానికంటే 2 అడుగులు కిందే ఉండి వీధికి కనిపించదు. గది ఎంత వెడల్పు కావాలన్న ప్రశ్నకు జవాబు మంచాలూ బీరువాలూ చెప్పేదానికంటే ఈ లెక్కే బాగా చెబుతుంది.

కలిసే చోట పాత వాసాలను కోయనివ్వకు. పాత కప్పు మీద పెంకుల్లా పరిచే షింగిల్స్ మాత్రం తీసి, కింది చెక్క పలకలను అలాగే ఉంచి, వాటి మీద ఏటవాలుగా బల్లచెక్కలు పరిచి, కొత్త వాసాల కొనలను వాటిపై ఆనించే పద్ధతి అక్కడి వడ్రంగులకు బాగా తెలుసు. పాత వాసాలు ఆ అదనపు బరువు మోయగలవో లేదో ఇంజినీరు చేత లెక్క కట్టించాలి. రెండు కప్పులు కలిసి నీరు దిగే మూలల్లో రేకూ, దాని కింద నీరు చొరని అంటుకునే పొరా తప్పనిసరి, ఎందుకంటే ఇల్లు కారడం మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

వాసాల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, చారిత్రక ఇళ్ల పునరుద్ధరణకు అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ పెట్టిన 10 ప్రమాణాల్లో తొమ్మిదవది కొత్త భాగం పాతదానితో పొసగుతూనే వేరుగా గుర్తుపట్టేలా ఉండాలంటుంది. పదవది రేపు దాన్ని తీసేసినా పాత ఇంటి ముఖ్యరూపం చెక్కుచెదరకూడదంటుంది. నగర సమీక్షకులు సాధారణంగా ఈ రెండింటినే ముందు పెట్టుకుని చూస్తారు. కాబట్టి కొత్త గోడలను పాత ఇంటి మూలల నుంచి లోపలికి జరపండి, పాత మూలలు కనబడనివ్వండి. లోపలికి దారి కోసం కొత్తగా గోడ పగలగొట్టకుండా, పెరట్లోకి తెరుచుకునే జరుపుడు అద్దాల తలుపు స్థానాన్నే వాడుకోండి, పైన దూలం ఎలాగూ ఉంది. ఇప్పుడున్న ఏ పడకగది కిటికీనీ మూసేయవద్దు. ప్రమాదంలో బయటికి తప్పించుకునే కిటికీ గానీ తలుపు గానీ లేని గదిని అక్కడి నిబంధనలు పడకగదిగా ఒప్పుకోవు. వాస్తు చూపించుకోవాలనుకుంటే పటాలు సమర్పించకముందే చూపించుకోండమ్మా, అనుమతి వచ్చాక తలుపు జరిపితే మళ్లీ సమీక్షకు వెళ్లవలసి రావచ్చు.

మీ ఇల్లు నేలకు కాస్త ఎత్తున, కింద ఖాళీ ఉంచి కట్టినదని రాశావు. వెనుక పునాది గోడలో జాలీ వేసిన గాలిరంధ్రాలు ఉంటాయి, కొత్త పునాది వాటికి అడ్డుపడితే కింద చెమ్మ చేరి చెక్క పుచ్చిపోతుంది. ఎన్ని మూతపడతాయో లెక్కించి అంత గాలీ వేరే వైపుల నుంచి వచ్చేలా చేయించాలి. కొత్త గదికీ అదే ఎత్తు పునాది వేస్తే నేల సమంగా కలుస్తుంది, బావగారి మోకాళ్లకు గడప కూడా అడ్డురాదు. శాన్ హోసే ఉన్న లోయలో చాలాచోట్ల ఉన్నది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమట్టి కనుక మట్టి పరీక్ష చేయించండి, చూరు నీటిని పునాదికి దూరంగా పంపండి.

1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి రంగులో సీసం, నేల పలకల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండవచ్చు, పరీక్షించకుండా దేన్నీ గీకనివ్వకండి.

మేస్త్రీని కుదుర్చుకునే ముందు రాష్ట్ర లైసెన్స్ బోర్డులో అతని లైసెన్స్ సరిచూడండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అడ్వాన్సు ఒప్పందపు మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. కప్పు విప్పే పని మే తర్వాత మొదలై అక్టోబరు లోపు ముగిసేలా ఒప్పందంలో రాయించండి, ఆ తర్వాత అక్కడ వానలు పడతాయి. నిలువుకోత పటం చేతికి రాగానే, సంతకాలు పెట్టకముందే, నాకొక ప్రతి పంపించు.

ఇట్లు,
మామయ్య