ముప్పై ఏళ్ల కిందట మానేసిన పని వల్ల ఇప్పుడు మెసోథెలియోమా ఎలా వస్తుంది?

"నాన్నగారు ఆస్బెస్టాస్ పని మానేసి ముప్పై ఏళ్లయింది, ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు, డాక్టర్లు పొరబడ్డారేమో" అని అడిగారు. ఆ రెండు కారణాలతో మాత్రం పొరబడ్డారని అనుకోకండి. మెసోథెలియోమా అనే ఈ క్యాన్సర్‌కు ముప్పై ఏళ్లు మామూలు లెక్కే. ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చాక 20 నుంచి 50 ఏళ్లకు బయటపడుతుంది. సిగరెట్‌తో దీనికి సంబంధం లేదు. ఆస్బెస్టాస్, సిగరెట్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది కానీ, అది వేరే జబ్బు.

మా ఇంట్లో ఇది వచ్చింది ఆ పని చేసిన నాన్నకు కాదు, అమ్మకు.

నాన్న పదకొండేళ్లు బాయిలర్లకూ ఆవిరి గొట్టాలకూ ఆస్బెస్టాస్ చుట్టే పని చేశారు. అమ్మ ఏనాడూ ఆ ఫ్యాక్టరీ గేటు దాటలేదు. అరవై దాటాక ఆమెకు ఆయాసం మొదలైంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. సూది వేసి తీశారు. మూడు వారాల్లో మళ్లీ చేరింది. ఆ నీటిని పరీక్ష చేస్తే ఏమీ తేలలేదు. టీబీ అయి ఉంటుందని మందులు మొదలుపెట్టారు. అలా ఎనిమిది నెలలు పోయాయి. చూసిన ప్రతి డాక్టరూ సిగరెట్ తాగుతారా అని అడిగారు. ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారని ఒక్కరూ అడగలేదు. నా కడుపుమంట అంతా అక్కడే. రక్తపోటు, షుగర్ రాసుకున్నట్టే చేసిన పనులు కూడా కేసు షీటు మొదటి పేజీలోనే రాసుకోవాలి.

చివరికి చిన్న వయసు డాక్టరమ్మ ఒకరు మంచం పక్కన కూర్చుని, "అమ్మా, మీవారు ఏం పని చేసేవారు?" అని అడిగారు. అమ్మ చెప్పింది.

"ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు?"

"నేనే."

"ఉతికే ముందు ఏం చేసేవారు?"

అమ్మ మాటతో చెప్పలేదు. కాళ్ల మీదున్న దుప్పటి రెండు కొసలూ పట్టుకుని పైకెత్తి, మొహం పక్కకు తిప్పుకుని, గట్టిగా రెండుసార్లు దులిపింది. "ఇలాగమ్మా. దులపకుండా నానబెడితే నీళ్లన్నీ పాలలా తెల్లగా అయిపోయేవి."

డాక్టరమ్మ రాయడం ఆపేసి ఆ దుప్పటి వైపే చూస్తుండిపోయారు. ఆ వారమే చిన్న కోత పెట్టి, కెమెరా గొట్టం పంపి, ఊపిరితిత్తిని కప్పి ఉండే పొర నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపించారు. మెసోథెలియోమా అన్న మాట మేం మొదటిసారి విన్నది అప్పుడే. ఈ క్యాన్సర్ పుట్టేది ఆ పొరలోనే. కొందరికి పొట్టలోని పొరలో కూడా వస్తుంది.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితిత్తుల్లో చెత్తను మింగేసే కణాలు ఉంటాయి, పొడవాటి పోగుల్ని అవి మింగలేవు. మింగలేక అక్కడే రేగిపోతాయి, ఆ మంట ఏళ్ల తరబడి చల్లారదు, కొందరిలో చివరికి అదే క్యాన్సర్‌కు దారి తీస్తుంది. 1960లోనే వాగ్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దక్షిణాఫ్రికా ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి 33 మంది మెసోథెలియోమా రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో గనిలో దిగినవాళ్లే కాదు, గనుల చుట్టుపక్కల బతికినవాళ్లూ ఉన్నారు. 1960లో! నాన్న ఆ పనిలో చేరింది అది అచ్చయిన చాలా ఏళ్లకు. మాస్కు ఇవ్వలేదు, బట్టలు అక్కడే విప్పి రమ్మని చెప్పినవాళ్లు లేరు. అమ్మ రిపోర్టు విన్నాక నాన్న "నేనే మోసుకొచ్చాను" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ తప్పు ఆయనది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

తెల్ల ఆస్బెస్టాస్ సురక్షితం, నీలం రకమే ప్రమాదం అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. నీలం రకం మరింత ప్రమాదకరం, నిజమే. కానీ అన్ని రకాలూ క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. ఇంత వరకు పీల్చినా ఫరవాలేదు అనే హద్దే లేదు. అలాగని దుమ్ము పీల్చిన ప్రతి ఒక్కరికీ ఇది వస్తుందని బెంగపడొద్దు, ఎక్కువమందికి రాదు. నేనూ ఆ బట్టల పక్కనే ఆడుకున్నాను. ఆ సంగతి మా డాక్టరుకు చెప్పి ఉంచాను, అంతే.

మీరు నిర్ధారణ గురించి టెన్షన్ పడుతున్నారు కాబట్టి, బయాప్సీ జరిగిందా లేక నీటి పరీక్ష మీదే చెప్పారా అని కనుక్కోండి. నీటి పరీక్ష ఒక్కటీ చాలాసార్లు సరిపోదు. వైద్యం గురించి అడిగేటప్పుడు కీమోతో పాటు ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పురికొల్పే వైద్యం) పనికొస్తుందా అని కూడా అడగండి, 2020 తర్వాత అది కూడా వాడుకలోకి వచ్చింది. నాన్నగారు ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఏ పని చేశారో ఆయన ఓపికగా ఉన్నప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి, పరిహారం అడగాలన్నా అదే ఆధారం.

మీ అమ్మగారి గురించి మీరేమీ రాయలేదు. ఆ రోజుల్లో నాన్నగారి బట్టలు ఉతికింది ఆవిడేనా? ఆవిడకు ఆయాసం, డొక్కలో నొప్పి లాంటివేమైనా ఉన్నాయా?