కణానికి ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది?

చాలా కణాలు వాటంతట అవి విభజన చెందవు. బయటి నుంచి రసాయన సంకేతం అందాలి, లోపలి తనిఖీలన్నీ దాటాలి.

సంకేతం అందాక కణంలో సైక్లిన్లు అనే ప్రోటీన్లు పోగవుతాయి. అవి కైనేజ్‌లనే (ఇతర ప్రోటీన్ల పనితీరును మార్చే) ఎంజైములతో జతకట్టి విభజనను ఒక్కో దశ ముందుకు నడిపి, పని కాగానే నశిస్తాయి. మధ్యలో డీఎన్‌ఏ దెబ్బతిన్నట్లు తేలితే పీ53 అనే ప్రోటీన్ విభజనను నిలిపివేస్తుంది. మరమ్మతు కుదరకపోతే కణం తనను తానే చంపుకుంటుంది! కఠినమే, కానీ దెబ్బతిన్న కణం రెండు కావడం ఒంటికి అంతకన్నా ప్రమాదం.

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. రక్తంలోని ప్లేట్‌లెట్లు వదిలే పెరుగుదల కారకాలనే రసాయన సంకేతాలు గాయం చుట్టూ ఉన్న కణాలను విభజనకు పురికొల్పుతాయి. ఖాళీ పూడి, కణాలు ఒకదానినొకటి ఒరుసుకునేసరికి ఆ జోరు తగ్గిపోతుంది.

క్యాన్సర్ కణాలు మామూలు కణాలన్నిటికన్నా వేగంగా విభజన చెందుతాయన్నది అపోహ. మన పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజుల్లో కొత్తదైపోతుంది. చాలా కణితులకు అంత వేగం ఉండదు. క్యాన్సర్‌లో చెడేది ప్రధానంగా ఆగే ఏర్పాటు: మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగానికి పీ53ను తయారుచేయించే జన్యువే పాడై ఉంటుంది.