సముద్ర దోసకాయ బ్రూడర్లు ట్యాంకులో ఎందుకు చిక్కిపోతాయి?

ప్రశ్న: సముద్రం అడుగున బతికే దోసకాయ ఆకారపు మెత్తని జీవాలైన సముద్ర దోసకాయల్లో శాండ్‌ఫిష్ రకాన్ని గుడ్ల కోసం బ్రూడర్లుగా, అంటే పిల్లలను పుట్టించే పెద్ద జీవాలుగా, హేచరీలో సిమెంటు ట్యాంకులో ఉంచాము. రోజూ రొయ్య పిల్లల మేత, సముద్రపు నాచు పొడి వేస్తున్నాము. తెచ్చినప్పుడు మంచి బరువున్న జీవాలు నెల తిరిగేసరికి చిక్కిపోయాయి, గుడ్లు కూడా పెట్టలేదు. మేతలో లోపం ఉందంటారా?

జవాబు: మేత కంటే వాటిని ఉంచిన చోటే ఇక్కడ అసలు సమస్య. శాండ్‌ఫిష్, అంటే హోలోథూరియా స్కాబ్రా, బురద కలిసిన ఇసుకను మింగి, అందులోని బ్యాక్టీరియాను, డయాటమ్‌లనే కంటికి కనిపించనంత చిన్న నాచును, కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకుని, మిగిలిన ఇసుకను బయటికి వదిలేస్తుంది. రోజులో కొంతసేపు ఇసుకలో పూడుకుని ఉండి, తర్వాత పైకి వచ్చి మేస్తుంది. ట్యాంకు అడుగున పరిచిన పలుచని ఇసుకలో ఈ ఆహారం కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఆ లోటు తీర్చాలని మేత పెంచితే అది కుళ్లి, ఇసుక నల్లబడి, అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. ఆహారం చాలని జీవి తన శరీరాన్నే కరిగించుకుంటూ బతుకుతుంది, దానితోపాటు గుడ్లు, వీర్యం తయారయ్యే బీజకోశం కూడా కుంచించుకుపోతుంది. అటువంటి జీవిని ఎంత ప్రేరేపించినా గుడ్లు రావు.

అందువల్ల బ్రూడర్లను మట్టి చెరువులో గాని, సముద్రపు గడ్డి పెరిగే లోతు తక్కువ నీటిలో వలకంచె కట్టి గాని పెంచండి. గుడ్లు పెట్టించే రోజులు దగ్గరపడ్డాకే ట్యాంకులోకి తెచ్చి, పని పూర్తయిన వెంటనే తిరిగి అక్కడికే పంపండి. ట్యాంకులో రెండు వారాలకు మించి ఉంచకపోవడం మేలు. చెరువులో కూడా చదరపు మీటరుకు మొత్తం బరువు సుమారు 200 గ్రాములు దాటితే ఎదుగుదల మందగిస్తుంది. రొయ్యల సాగులో ఆరితేరిన వారికి ఇంత పలుచగా వదలడం వృథాగా తోచవచ్చు గాని, ఇక్కడ మేతను పండించేది నేలే కనుక ఆ విస్తీర్ణం తప్పదు.

చెరువులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది పెద్ద వాన. లవణీయత (నీటిలోని ఉప్పు) 30 నుంచి 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీటిలో 30 నుంచి 35 భాగాల ఉప్పు, ఉండగా హాయిగా ఉన్న జీవాలు, అది ఒక్కసారిగా పడిపోతే తట్టుకోలేవు. పైగా తేలికైన వాననీరు ఉప్పునీటి మీద పొరగా నిలిచిపోవడంతో, అడుగున ఉన్న జీవాలకు ఆక్సిజన్ అందదు. అందుచేత ముందుగా తూము పై పలకలు తీసి పైనీటిని పారించి, ఆ తర్వాతే నీటిలో గాలి కలిపే ఎరేటర్లు తిప్పాలి. బరువు చూసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం: ఈ జీవి శరీరంలో నీరు, ఇసుక చాలా ఉంటాయి కనుక, ప్రతిసారీ ఒకే విధంగా కొంతసేపు నీరు కారనిచ్చి తూచకపోతే, చిక్కిందో లేదో తేల్చి చెప్పలేము.

ప్రశ్న: దూరం నుంచి తెచ్చిన బ్రూడర్లలో కొన్ని సంచీలోనే పేగులు కక్కేశాయి. వాటిని పారేయాలా?

జవాబు: పారేయనక్కర్లేదు. వేడి, కుదుపు, ఆక్సిజన్ లేమి వంటి ఒత్తిడి కలిగినప్పుడు ఇవి లోపలి అవయవాలను బయటికి వదిలేస్తాయి. పేగు కొన్ని వారాలలో తిరిగి పెరుగుతుంది గాని, ఆ విడతకు అది బ్రూడరుగా పనికిరాదు కనుక విడిగా చెరువులో వదలండి. చర్మం జిగురుగా ఊడిపోతున్నా, తెల్లని పుండ్లు కనిపించినా మాత్రం వెంటనే వేరుచేయాలి, అవి మిగిలిన వాటిని కూడా ముంచుతాయి. ఈసారి ప్రయాణానికి ముందు ఒక రోజు ఇసుక లేని శుభ్రమైన నీటిలో ఉంచి, పేగు ఖాళీ కానివ్వండి. సంచీకి ఒక్కటి చొప్పున సముద్రపు నీటితో, ఆక్సిజన్ నింపి, చల్లని పెట్టెలో తీసుకురండి. జీవాలు దెబ్బతినడం మొదలయ్యేది ఎండలో, పడవ అడుగున పోగుపోసినప్పుడే. సేకరణకు చట్టం అనుమతించే చోట నుంచే తెచ్చుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఆడ, మగ గుర్తు పట్టడం ఎలా? ఎన్నింటిని తెచ్చుకోవాలి?

జవాబు: పైకి చూసి పోల్చుకునే గుర్తు ఏదీ లేదు. గుడ్లు, వీర్యం వదిలినప్పుడే తెలుస్తుంది. అందుకే రెండు మూడు జతలతో సరిపెట్టుకోకుండా, ఒక్కో ప్రయత్నానికి 30 నుంచి 45 జీవాలు ఉండాలి. సుమారు 200 గ్రాములకే ఇవి యుక్తవయసుకు వచ్చినా, అంతకు బాగా పెద్దవాటినే ఎంచుకోండి, పెద్ద ఆడజీవి ఎక్కువ గుడ్లు ఇస్తుంది.

అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో, మధ్యాహ్నం దాటాక ప్రయత్నిస్తే అవకాశం ఎక్కువ. జీవాలను శుభ్రంగా కడిగి, అరగంటసేపు నీడలో నీరు లేకుండా ఉంచి, తర్వాత 3 నుంచి 5 డిగ్రీలు వెచ్చగా ఉన్న వడకట్టిన నీటిలో వదలండి. 1988లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ జాతి పిల్లలను తొలిసారి హేచరీలో పుట్టించినప్పుడు ఉపయోగించినది కూడా ఈ వేడి మార్పునే. దానికి లొంగకపోతే స్పిరులినా అనే సూక్ష్మ నాచు పొడి కలిపిన నీటిలో ఒక గంట ఉంచి, నీరు మార్చి చూడవచ్చు. మగవి ముందుగా తల పైకెత్తి ఊగుతూ వీర్యం వదులుతాయి. ఆడవి ఆ తర్వాత, తల దగ్గర ఉబ్బిన రంధ్రం నుంచి ఒక్క ఉదుటున లక్షల గుడ్లు చిమ్ముతాయి. ఈ మధ్యలో చేయవలసిన ముఖ్యమైన పని, కొన్ని మగవాటిని ఉంచి మిగిలిన వాటిని తీసేయడం. వీర్యం మితిమీరితే గుడ్డులోకి ఒకటికి మించి వీర్యకణాలు చొరబడి పిండం పాడవుతుంది, నీరు కూడా చెడుతుంది. అలాగని ఒకే మగదానితో ముగిస్తే పిల్లలన్నీ ఒకే తండ్రివవుతాయి, తర్వాతి తరానికి అది మంచిది కాదు.

ప్రశ్న: రొయ్యల చెరువులోనే బ్రూడర్లను కలిపి పెంచవచ్చా?

జవాబు: వద్దు. పెద్ద రొయ్యలతో కలిపి పెంచిన ప్రయోగాల్లో సముద్ర దోసకాయల ఎదుగుదల, మనుగడ రెండూ దెబ్బతిన్నాయి. వియత్నాంలో రొయ్యలు తీసేసిన చెరువుల్లో శాండ్‌ఫిష్‌ను విడిగా పెంచుతున్నారు. మీరు కూడా రొయ్యలు పట్టాక, అడుగున పేరుకున్న నల్లని బురద తీసి, చెరువును ఎండబెట్టి, నీరు పెట్టి, నేల మీద డయాటమ్‌ల పొర కనిపించాక బ్రూడర్లను వదలండి.