టెక్ సందేహాలు: గేమ్‌లో వచ్చిన అక్షరం పుస్తకంలో ఎందుకు రాదు?

మా బాబు రెండో తరగతి. ఫోన్‌లో తెలుగు అక్షరాల గేమ్ ఆడతాడు, పలికిన అక్షరం ఉన్న బెలూన్ పగలగొట్టాలి. గేమ్‌లో అన్నీ కరెక్టే. వాచకం ముందు పెడితే ద, థ, ధ దగ్గర తడబడుతున్నాడు. గేమ్ మార్చేయనా?
– ఒక అమ్మ, ఆమదాలవలస

మార్చే ముందు ఒకసారి పక్కన కూర్చుని చూడండమ్మా, బాబు చూస్తున్నది అక్షరాన్నా, బెలూన్ రంగునా అని. కొన్ని గేమ్‌లలో ఒక్కో అక్షరానికి ఎప్పుడూ ఒకే రంగు ఉంటుంది, లేదంటే సరైన బెలూన్ కాస్త ఊగుతుంది. పిల్లలు ఆ గుర్తు ఇట్టే పట్టేస్తారు, ఇక అక్షరం చూడాల్సిన పనేముంది? ద కింద చిన్న గీత పెడితే ధ, దాని పొట్టలో చుక్క పెడితే థ. తేడా అంతా ఆ గీతలో, చుక్కలో ఉంది కాబట్టి రంగైనా మెరుపైనా అక్కడే పడాలి. అలా చూపించే గేమ్ దొరికితే వదలకండి.

ఇక శబ్దం. ద, ధ తేడా ఒక చిన్న ఊపిరి, ఫోన్ స్పీకర్‌లో వెనక డప్పులు మోగుతుంటే అది వినిపించదు. సెట్టింగ్స్‌లో మ్యూజిక్, ఎఫెక్ట్స్, వాయిస్ విడివిడిగా ఉంటే ముందు మ్యూజిక్ ఆపేయండి, వాయిస్ ఉంచండి. అమెరికాలో మొరేనో, మేయర్ అనే పరిశోధకులు మెరుపు ఎలా పుడుతుందో చెప్పే యానిమేషన్‌ను కొందరు కాలేజీ విద్యార్థులకు మాటలతో మాత్రమే, కొందరికి సంగీతం, చప్పుళ్లు కూడా కలిపి చూపించి 2000లో ఫలితాలు ప్రచురించారు. అన్నీ కలిపి విన్నవాళ్లకే తక్కువ గుర్తుంది. ఒకసారికి మనసులో పట్టేది కొంచెమే, అందులో పాటకీ వాటా ఇస్తే పాఠానికి తగ్గుతుంది. కాలేజీవాళ్లకే అలా ఉంటే ఏడేళ్ల పిల్లాడి సంగతి ఆలోచించండి.

అలాగని మొత్తం మ్యూట్ చేయకండి, సరిగ్గా నొక్కినప్పుడు వచ్చే చిన్న గంట మంచిదే. తప్పు నొక్కితే నవ్వొచ్చే చప్పుడు వచ్చే గేమ్‌లతోనే నాకు కోపం, దానికోసం పిల్లలు కావాలనే తప్పు నొక్కుతారు.

మా క్లాసులో సగం మంది ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. స్మార్ట్ టీవీలో తెలుగు కథల గేమ్ పెట్టినప్పుడు కింద అక్షరాలు కనిపించాలా, వద్దా? అక్షరాలుంటే బొమ్మ చూడరని ఒక సార్ అంటున్నారు.
– ఒక టీచర్, ఇచ్ఛాపురం

ఆ సార్ మాటలో నిజముంది. బొమ్మ కదులుతూ, గొంతు చెబుతూ, అదే మాట కింద రాసి కూడా ఉంటే కన్ను రెండు చోట్లకీ పరిగెత్తాలి, సైన్సు పాఠంలో అది ఇబ్బందే. కానీ మీ పిల్లలకు తెలుగు కొత్త, వాళ్లు నేర్చుకునేదే ఆ మాట, ఆ రాత. వేరే భాష నేర్చుకునేవాళ్లకు విన్నదే రాసి కనబడితే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అందుకే ఉంచండి మేడమ్. పలికే మాట దగ్గర రంగు మారుతూ వెళ్తే ఇంకా మంచిది. మొదటిసారి బొమ్మతో కథ వినిపించి, రెండోసారి అక్షరాలతో పెట్టి చూడండి.

టీవీకి బ్లూటూత్ స్పీకర్ పెట్టాను. పాప బొమ్మ నొక్కాక కాసేపటికి పేరు వినిపిస్తోంది. యాప్ తప్పా?
– ఒక నాన్న, విజయనగరం

యాప్ తప్పు కాకపోవచ్చు, బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగానే వస్తుంది. సినిమా ప్లేయర్లు బొమ్మను కూడా ఆపి సరిచేయగలవు, గేమ్‌లో పాప ఎప్పుడు నొక్కుతుందో ముందే తెలియదు కాబట్టి కుదరదు. పాప ఈలోపు పక్క బొమ్మకు వెళ్లిపోతే ఆవు మీద మేక పేరు వినిపిస్తుంది, నేర్చుకునే వయసులో అది మంచిది కాదు. టీవీ సొంత స్పీకర్ వాడండి, లేదా వైరు పెట్టండి. అప్పటికీ ఆలస్యమైతే టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేసి చూడండి.