గుండ్రం పోయిందా, గీత పోయిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే, ఫోటోలు దిద్దే బ్రష్ గురించే. ముగ్గురి బాధా బ్రష్‌తోనే గానీ ముగ్గురి జబ్బూ వేరు. ఒకరికి బ్రష్ సైజు చూపే గుండ్రం కనబడదు, ఒకరికి రంగు కనబడదు, ఇంకొకరికి అక్కర్లేనివి కూడా కనబడుతున్నాయి.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫోటోషాప్‌లో బ్రష్ తీసుకుంటే గుండ్రం బదులు ప్లస్ గుర్తు వస్తోంది. ఒక్కోసారి అదీ ఉండదు. రెండుసార్లు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఇంకోసారి తీసేయవద్దు. ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడు. అది ఆన్‌లో ఉంటే ఫోటోషాప్ బ్రష్ గుండ్రాన్ని దాచి ప్లస్ గుర్తు చూపిస్తుంది. అది లోపం కాదు, చుక్క ఎక్కడ పడుతుందో కచ్చితంగా తెలియాలని వాళ్లే పెట్టిన సదుపాయం. తెలుగు టైపు చేస్తూ షిఫ్ట్ కోసం వెళ్లిన చిటికెన వేలు పైనున్న క్యాప్స్ లాక్ మీద పడుతుంది. మనకు తెలియదు.

ఇంత ధీమాగా చెబుతున్నానంటే నేను పడ్డాను కాబట్టి. ఆరేళ్ల కిందట మాఘమాసంలో, కడపలో మా ఇంటి ముందు గదిలోనే పని చేసుకునేదాన్ని. చేతిలో నాలుగు ఆల్బమ్‌లు. రాత్రి పదకొండుకు గుండ్రం పోయింది. పొద్దున రిపేరు చేసే అబ్బాయిని పిలిస్తే చూసీ చూడగానే "వైరస్ అక్కా, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. కొట్టాడు. గుండ్రం వచ్చింది. నేను ఏళ్లుగా చేసుకున్న జుట్టు బ్రష్‌లు, పూల బ్రష్‌లు మాత్రం పోయాయి. మూడో రోజు గుండ్రం మళ్లీ మాయం. అప్పుడు పక్కన కూర్చుని చూస్తున్న మా పాప, నేను లేయర్‌కు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఒకదానికి) పేరు పెడుతుంటే, "అమ్మా, అన్నీ పెద్ద అక్షరాలే పడుతున్నాయేం?" అంది. నా కీబోర్డులో క్యాప్స్ లాక్ లైటు ఎప్పుడో కాలిపోయింది! కంప్యూటర్ ఆపి తెరిస్తే క్యాప్స్ లాక్ మామూలుగా ఆఫ్ అవుతుంది. ఫార్మాట్‌తో బాగైంది అనిపించడం అందుకే. నీ రెండు రోజుల కథా అదే అయ్యుండవచ్చు.

అది కాదంటే సైజు చూడు. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 10,800×3,600 పిక్సెళ్లు. 1,920 పిక్సెళ్ల వెడల్పున్న మానిటర్ మీద షీటంతా కనబడాలంటే జూమ్ 16 శాతం దగ్గరికి దిగుతుంది. 20 పిక్సెళ్ల బ్రష్ అప్పుడు తెర మీద మూడు చుక్కలంత. దాన్ని గుండ్రంగా చూపడానికి చోటెక్కడిది? చిన్న గుర్తు మాత్రమే మిగులుతుంది. దీనికి తలకిందులుగా, కళ్ల కింద నలుపు తీయడానికి దగ్గరికి జూమ్ చేసినప్పుడు బ్రష్ సైజు రెండు మూడు వేల పిక్సెళ్లుంటే గుండ్రం అంచులు తెర దాటిపోతాయి. ఉన్నా కనబడదు. పి అక్షరం పక్కనున్న చదరపు బ్రాకెట్లలో ఎడమది నొక్కితే తగ్గుతుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని మౌస్ కుడి బటన్‌తో అడ్డంగా లాగినా సైజు మారుతుంది. నాకు ఇదే ఇష్టం, చెయ్యి కీబోర్డు మీద వెతుక్కోనక్కర్లేదు.

పాత వెర్షన్ వాడేవాళ్లకు ఇంకొకటుంది. గండికోటలో మబ్బు రోజున ప్రీ వెడ్డింగ్ తీశారనుకో. ఎర్ర రాయి మీద చక్కగా కనబడే గుండ్రం ఆకాశంలోకి పోగానే కరిగిపోతుంది. కర్సర్ కిందున్న రంగును తిరగేసి చూపించడం పాత పద్ధతి: నలుపు మీద తెలుపు, తెలుపు మీద నలుపు. సరిగ్గా నడుమ బూడిద రంగు విలువ 128. దాన్ని తిరగేస్తే 127. ఎవరి కంటికి తేడా తెలుస్తుంది? అలాంటప్పుడు నేను అన్నిటికంటే పైన ఒక కర్వ్స్ లేయర్ (వెలుగునీడలు మార్చే పొర) వేసి బొమ్మను నల్లబరుస్తాను, కింది లేయర్ మీద పని చేసుకుంటాను, అయ్యాక పైదాన్ని తీసేస్తాను.

ఇవేవీ కాకపోతే ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో కర్సర్స్. పెయింటింగ్ కర్సర్స్ కింద ప్రిసైజ్ మీద చుక్క ఉంటే క్యాప్స్ లాక్‌తో పని లేకుండానే ఎప్పుడూ ప్లస్సే వస్తుంది. నార్మల్ బ్రష్ టిప్ పెట్టు. ఫుల్ సైజ్ పెడితే ఇంకా మంచిదని నా అభిప్రాయం. మెత్తటి బ్రష్‌కు నార్మల్ గుండ్రం సగానికి పైగా రంగు పడే మేర మాత్రమే చూపిస్తుంది, అసలు రంగు దాని బయటికీ పాకుతుంది. పెళ్లికూతురి జడ అంచున మసక వలయం పడుతోందని బాధపడేవాళ్లలో చాలామంది ఆ గుండ్రాన్ని నమ్మి మోసపోయినవాళ్లే.

చివరికి గ్రాఫిక్స్ కార్డు. ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్‌కు వెళ్లి గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్కు తీసి, ఫోటోషాప్ మూసి తెరిచి చూడు. గుండ్రం వచ్చిందంటే తప్పు కార్డు డ్రైవర్‌ది. కొత్త డ్రైవర్ వేసి టిక్కు తిరిగి పెట్టేయి. అప్పటికీ లొంగకపోతే ఫోటోషాప్ తెరుచుకుంటున్నప్పుడే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకుంటే సెట్టింగుల ఫైలు తీసేయమంటావా అని అడుగుతుంది. సరే అనే ముందు నీ బ్రష్‌లు, యాక్షన్లు (రికార్డు చేసి పెట్టుకున్న పనులు) వేరే చోట దాచుకో. నా పూల బ్రష్‌లకు పట్టిన గతి చెప్పాను కదా.

ప్రశ్న: మేడం, ఆదోనిలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. గుండ్రం కనబడుతుంది, గీస్తే రంగు మాత్రం పడదు. పడినా ఉందా లేదా అన్నట్టు ఉంటుంది.

జవాబు: ఫ్లెక్సీ అంటే ఫోన్ నంబర్లు ఉంటాయి కదా. టెక్స్ట్ టూల్ తీసుకున్నాననుకుని బ్రష్ మీదే ఉండి నంబర్ కొట్టారా? బ్రష్ చేతిలో ఉన్నప్పుడు అంకెలన్నీ ఓపాసిటీకి, అంటే రంగు ఎంత చిక్కగా పడాలన్నదానికి, పోతాయి. 5 నొక్కితే 50 శాతం, వెంటవెంటనే 0, 5 నొక్కితే 5 శాతం. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ఫ్లో, అంటే రంగు కారే వేగం, మారుతుంది. నంబర్ చివర 05 ఉంటే ఆ రోజంతా మీ బ్రష్ పలుచటి మజ్జిగే. పైపట్టీలో రెండూ 100కు తెచ్చి, పక్కనే మోడ్ నార్మల్‌లో ఉందో లేదో చూడండి.

అసలు రంగే పడకపోతే కంట్రోల్, డి కొట్టండి. ఎక్కడో మూలన చిన్న సెలెక్షన్ మిగిలి ఉంటుంది. దాని చుట్టూ పాకే గీతల్ని కంట్రోల్, హెచ్‌తో ఎప్పుడో దాచేసి ఉంటారు. సెలెక్షన్ బయట ఎంత గీసినా చుక్క పడదు. తర్వాత లేయర్స్ ప్యానెల్ చూడండి. బొమ్మ బదులు దాని పక్కనున్న మాస్క్ (లేయర్‌లో ఎంత కనబడాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మ) ఎంపికై ఉంటే మీరు వేసే ఎరుపు అక్కడ బూడిద రంగవుతుంది. లేదా మీరు గీస్తున్న లేయర్ మీద నాయకుడి ఫోటో కూర్చుని ఉండవచ్చు, ఫ్లెక్సీల్లో అది మామూలే.

ప్రశ్న: ఆంటీ, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. చిన్న పెన్ టాబ్లెట్ కొని క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు వేస్తున్నాను. పెన్ను ఆనించగానే నీళ్లలో రాయి వేసినట్టు వలయాలు వస్తున్నాయి. కాసేపు ఆనించి ఉంచితే కుడి క్లిక్ మెనూ తెరుచుకుంటోంది. బ్రష్ గుండ్రం మాత్రం రాదు.

జవాబు: ఆ వలయాలు క్రిటావి కాదమ్మా, విండోస్‌వి. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి, ప్రెస్ అండ్ హోల్డ్ మీద నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లు. కుడి క్లిక్ కోసం పెట్టిన టిక్కు తీసేయి. మెనూ బాధ పోతుంది, గీత మొదట్లో తటపటాయించడమూ తగ్గుతుంది. వలయాలు ఇంకా వస్తుంటే టాబ్లెట్‌తో వచ్చిన డ్రైవర్‌లో విండోస్ ఇంక్ టిక్కు తీసి, క్రిటా సెట్టింగుల్లో టాబ్లెట్ పేజీలో విన్‌టాబ్ ఎంచుకో (ఇంక్, విన్‌టాబ్ రెండూ పెన్ను కదలికలు సాఫ్ట్‌వేర్‌కు చేరే దారులు). రెండు చోట్లా ఒకే మాట ఉండాలి. ఒకచోట ఇంక్, ఒకచోట విన్‌టాబ్ అంటే పెన్ను గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకే లావున వస్తుంది.

గుండ్రం కోసం కాన్ఫిగర్ క్రిటాలో జనరల్, అందులో కర్సర్. అవుట్‌లైన్ షేప్ దగ్గర నో అవుట్‌లైన్ అని ఉంటే మార్చు. అప్పటికీ రాకపోతే డిస్‌ప్లే పేజీలో రెండరర్‌ను (బొమ్మను తెర మీద చూపే పద్ధతిని) ఓపెన్‌జీఎల్ నుంచి డైరెక్ట్3డీకి మార్చి క్రిటాను మూసి తెరువు. వేసిన బొమ్మ ఒకటి పంపు, చూస్తాను.