కోర్సు ఫీజు ఎవరిని అడగాలి?

ఉద్దానంలో సోంపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. భర్త ఖతర్‌లో వెల్డరు. పదహారేళ్ల కూతురు ఇంటర్ ఎంపీసీలో చేరి, లెక్కలు అందక, దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ హాస్టలుకు వెళ్లలేదు. ఇంట్లోనే ఉండి చదువుకుంటానంటోంది. కెమిస్ట్రీ ఇష్టమే గానీ, అందులో లెక్క కనబడగానే పుస్తకం మూసేస్తోంది. అదే ఇంట్లో ఉంటున్న బావగారు రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ సాయంత్రం ఆయనే పాఠం చెబుతున్నారు. ‘లెక్కలు లేని కెమిస్ట్రీ’ అంటున్న విదేశీ వీడియో పాఠాలు, ఇరవై ఎనిమిది వేల రూపాయల ఆన్‌లైన్ కోచింగ్, ఓపెన్ స్కూల్ పుస్తకాలు, ఈ మూడింటిలో ఏది తీసుకోవాలన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

ఓపెన్ స్కూల్ పుస్తకాలు తీసుకోండి. మీ ప్రశ్నకు నా జవాబు అంతే. వీడియో పాఠాలు, కోచింగ్ ఎంత బాగున్నా అవి ఇంటర్ సర్టిఫికెట్ ఇవ్వవు. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, 1991 నుంచి ఉంది. 15 ఏళ్లు నిండినవారు అందులో ఇంటర్‌కు చేరవచ్చు, గణితం తీసుకొని తీరాలన్న నిబంధన లేదు, సబ్జెక్టులను ఒకేసారి కాకుండా విడివిడిగానూ గట్టెక్కవచ్చు. అయితే కెమిస్ట్రీకి ప్రయోగ పరీక్ష ఉంటుంది కాబట్టి, ప్రయోగాలు ఏ కళాశాల ల్యాబులో, ఏ రోజుల్లో చేయిస్తారో అధ్యయన కేంద్రంలో అడిగి తెలుసుకున్న తరువాతే ఫీజు కట్టండి.

లెక్కలు లేని కెమిస్ట్రీ అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో మొదటి పాఠంలోనే మోల్ లెక్క వస్తుంది, అది దాటకుండా ముందుకు దారి లేదు. కానీ ఆ లెక్క మీ అమ్మాయిని హాస్టల్లో భయపెట్టిన లెక్క కాదు. నిష్పత్తి, శాతం, పది ఘాతాలు, ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ దగ్గర కొంచెం లాగరిథమ్, ఇవి వస్తే చాలావరకు గడిచిపోతుంది; ఆర్గానిక్ భాగంలో అదీ తక్కువే. ధాన్యాన్ని గింజలు లెక్కపెట్టకుండా కుంచంతో కొలిచినట్టే, అణువులను ఒక్కొక్కటిగా లెక్కించలేక, ఒక నిర్ణీత సంఖ్యలో కలిపి మోల్ అని, దాన్ని గ్రాములలో తూస్తారు. నీటికి ఆ తూకం 18 గ్రాములు, ఉప్పుకు 58.5.

మీ ఉత్తరంలో మీరు మాటవరుసకు రాసిన సంగతి ఒకటి ఉంది. మీ అత్తగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్లేది మీ అమ్మాయేననీ, రిపోర్టు చేతికి రాగానే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో నాయనమ్మకు చదివి చెబుతుందనీ రాశారు. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు; రిపోర్టులో డెసిలీటరుకు 5 మిల్లీగ్రాములని ఉంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు. క్రియాటినిన్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ తూకం, 113 గ్రాములు కాబట్టి 50ని 113తో భాగిస్తే లీటరుకు సుమారు 0.44 మిల్లీమోల్. పుస్తకంలో గాఢత అన్న పాఠం ఇదే. చివరి వరుసలో ‘ల్యాబ్ టెక్నీషియన్ అవుతానంటోంది’ అని రాసి వదిలేశారు. ఆ చదువుకు ఏ సబ్జెక్టులు అడుగుతారో ముందు కనుక్కుని, ఇక్కడ వాటినే ఎంచుకోండి. అమ్మాయిని తన చదువు ఆ రిపోర్టుతోనే మొదలుపెట్టమనండి. ఒకవేళ చిన్నప్పటి నుంచీ అంకెలను తారుమారుగా రాయడం, చిల్లర లెక్కలో తడబడటం వంటివి ఉంటే విశాఖపట్నంలో మానసిక నిపుణులకు ఒకసారి చూపించండి. అంకెలు, లెక్కలు పట్టుబడని ఈ ఇబ్బందిని డిస్కాల్క్యులియా అంటారు; దాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది, ధ్రువపత్రం ఉంటే పరీక్షలో వెసులుబాట్లు అడగవచ్చు. అలాంటివేవీ లేకపోతే ఆ ఆలోచనే వద్దు.

ఇక అసలు విషయం. మూడు పేజీల ఉత్తరంలో బావగారి ప్రస్తావన పేరాపేరాకూ ఉంది. మీ భర్త ప్రస్తావన రెండుచోట్ల ఉంది: డబ్బు అన్నగారి ఖాతాకు పంపుతారని ఒకచోట, శుక్రవారం ఫోను చేసినప్పుడు ముందు అన్నగారితోనే మాట్లాడతారని మరొకచోట. కోర్సు ఫీజు కావాలంటే మీరు బావగారిని అడగాలి. ఆయన ఎదుట కూర్చుని మాట్లాడే అలవాటు మీకు లేదు, తోడికోడలి చేత అడిగించాలి. అందుకే ‘ఈ కోర్సే సరైనదని ఎవరో తెలిసినవారు చెప్పారు’ అనడానికి మీకు నా పేరు కావలసి వచ్చిందని నాకు అనిపిస్తోంది. నా పేరు చెప్పుకోండి, అభ్యంతరం లేదు. కానీ కన్నకూతురి చదువుకు తల్లి మూడో మనిషి సాక్ష్యం వెతుక్కోవలసిన పరిస్థితి ఎవరు తెచ్చారు?

బావగారిని నేను తప్పుపట్టడం లేదు. తండ్రి పోయాక తమ్ముడిని పెంచి, అప్పుచేసి విమానం ఎక్కించిన మనిషి ఆయన. ఆ రుణం మీ భర్త మోస్తున్నారు, మోయాలి కూడా. మీ అమ్మాయిని తన మనవల ముందు కూర్చోబెట్టి, ఆమె లెక్క తప్పు చేసినప్పుడల్లా ‘మీ నాన్న చెమటోడ్చి పంపుతున్నాడే’ అనడం మాత్రం పాఠం చెప్పడం కాదు. ఎన్నో ఏళ్లు బడిలో పనిచేసిన మాస్టారికి ఆ తేడా తెలియదని నేను అనుకోను. అయినా ఆయన మారాలని మీరు ఎదురుచూడకండి. అన్నగారికి రుణపడింది మీ భర్త. ఆ రుణం మీ అమ్మాయి చదువుతో తీరేది కాదు, తీర్చకూడదు కూడా.

పిల్ల ఎంపీసీ వదిలేయాలనుకుంటున్న సంగతి తండ్రికి తెలియదు. ‘ఈ ఏడు ఇంట్లో చదివించి మళ్లీ ఎంపీసీలోనే చేరుద్దాం’ అని అన్నగారు చెప్పిన మాటే ఆయన చెవిలో ఉంది. అమ్మాయి ఫోను అందుకుని ‘బాగానే చదువుతున్నాను నాన్నా’ అని మీ చేతికి ఇచ్చేస్తోంది, మీరు పక్కనే ఉండి ఊరుకుంటున్నారు. ఇది అణకువ అని మీరు అనుకుంటున్నారు. నా దృష్టిలో ఇది అణకువ కాదు, భర్తకు అబద్ధం చెప్పడమే. పెళ్లయి పద్దెనిమిదేళ్లయిన ఇల్లాలికి భర్తతో ఒంటరిగా అరగంట మాట్లాడే చోటు ఆ ఇంట్లో లేకపోతే, తోటలోకి వెళ్లి మాట్లాడండి, డయాలసిస్ కేంద్రం వరండాలో కూర్చుని మాట్లాడండి.

వచ్చే శుక్రవారం దాకా కూడా ఆగవద్దు. ఆయన డ్యూటీ దిగే వేళకు మీరే ఫోను చేయండి. పిల్ల లెక్కలు వదిలేయాలనుకుంటోందనీ, ల్యాబ్ చదువు కావాలంటోందనీ, ఆ చదువుకు దారి ఉందనీ సూటిగా చెప్పండి. తరువాత ఫోను అమ్మాయికి ఇచ్చి మీరు పక్కకు వెళ్లండి. ఆయన మొదట కోప్పడవచ్చు. ‘అన్నయ్యను అడిగి చెబుతాను’ అనవచ్చు కూడా. అప్పుడు ‘అడగండి, కానీ ముందు మీ అభిప్రాయం నాకు చెప్పండి’ అనండి. పిల్ల చదువుకు అయ్యే డబ్బు ఇకమీదట మీ పేరున ఉన్న ఖాతాకే పంపమని అడగండి. ఖాతా లేకపోతే ఆధార్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లి తెరవండి, అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి. ఇంటి ఖర్చుల డబ్బు ఎప్పటిలాగే అన్నగారికి వెళ్లనివ్వండి. దానిమీద తగాదా పెట్టుకుంటే అమ్మాయి చదువు సంగతి అందులో కొట్టుకుపోతుంది.

సాయంత్రం పాఠం ఆపేయాలన్న మాట మాత్రం బావగారికి మీరు చెప్పకండి, తోడికోడలి చేత చెప్పించకండి. అది తమ్ముడు అన్నకు చెప్పవలసిన మాట. ఖతర్ నుంచి ఫోనులోనైనా సరే, మీ భర్తే చెప్పాలి.