లూపు వేగం పెంచితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా చిన్న స్క్రిప్టింగ్ భాష రాశాను. ప్రోగ్రామును బైట్‌కోడ్‌గా, అంటే చిన్న చిన్న ఆదేశాల (ఇన్‌స్ట్రక్షన్ల) వరుసగా మార్చి నడుపుతుంది కానీ, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగాలు) బాగా నెమ్మది. వాటితో కుస్తీ పడుతూ సెలవులన్నీ గడిపేశాను. స్నేహితులు ఇది వదిలేసి వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోమంటున్నారు. కంపైలర్లలో (ప్రోగ్రామును యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్లలో) ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉంటాయి, కాకపోతే తక్కువ. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా లాంటి చిప్ కంపెనీలకు మన దేశంలోనూ కంపైలర్ బృందాలు ఉన్నాయి. సొంత భాష రాశానంటే వాళ్లు మురిసిపోరు, అలా చెప్పేవాళ్లు చాలామందే తగులుతారు. ఆ లూపును ఎలా బాగుచేశారో మాత్రం తరచి తరచి అడుగుతారు.

కాబట్టి ముందు దాని సంగతి తేల్చండి. పది లక్షల సార్లు తిరిగే లూపు తీసుకోండి. విలువలను ఒకదానిపై ఒకటి పేర్చి లెక్కచేసే మామూలు స్టాక్ బైట్‌కోడ్‌లో ప్రతి చుట్టుకూ కౌంటర్‌ను (ఎన్నో చుట్టో చెప్పే అంకెను) తేవాలి, హద్దును తేవాలి, పోల్చాలి, అవసరమైతే బయటికి దూకాలి. చివర్లో మళ్లీ కౌంటర్‌ను తేవాలి, ఒకటిని తేవాలి, కూడాలి, దాచాలి, పైకి దూకాలి. మొత్తం తొమ్మిది ఇన్‌స్ట్రక్షన్లు. అసలు పనితో సంబంధం లేకుండానే 90 లక్షల ఇన్‌స్ట్రక్షన్లు ఖర్చు! లువా భాష ఈ తతంగమంతా 'ఫర్‌లూప్' అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో ముగిస్తుంది. 2020లో వచ్చిన లువా 5.4 అయితే పూర్ణాంకాల లూపు ఎన్నిసార్లు తిరగాలో ముందే లెక్కగట్టి, ఆ లెక్కను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతుంది. కౌంటర్ గరిష్ఠ విలువ దాటి తిరగబడే బెడదా ఉండదు.

మీ భాషలోనూ ఇలాంటి ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. అలాగని తొమ్మిది రెట్ల వేగం ఆశించకండి. లూపు లోపలి పని బరువైతే తేడా కనిపించనే కనిపించదు. పైగా లూపు మధ్యలో ఎవరైనా కౌంటర్ విలువను మారిస్తే ఏం జరగాలి? ఇంటర్వ్యూలో పట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

స్నేహితుల మాట పూర్తిగా కొట్టిపారేయకండి. క్యాంపస్ తొలి రౌండ్లలో ఎక్కువగా అడిగేది డేటా స్ట్రక్చర్లే. రోజూ ఒక గంట వాటికి ఇవ్వండి. సీ++ గట్టిపరచుకుని, కంపైలర్ల తయారీకి వాడే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎల్‌వీఎంలో ఒక చిన్న లోపమైనా సరిచేయండి. ఎంటెక్ ఆలోచన ఉంటే, గేట్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఎలాగూ ఉంది.

పని పూర్తయ్యాక రెజ్యూమెలో 'కొత్త భాష రూపొందించాను' అన్న వాక్యం తీసేయండి. 'లూపు చుట్టుకు తొమ్మిది ఇన్‌స్ట్రక్షన్లను ఒకటికి తగ్గించాను' అని రాసి, ఒకే కంప్యూటర్ మీద ముందూ తర్వాతా కొలిచిన సమయాలను పక్కనే వేయండి.